సోమవారం తొమ్మిదీ ఐదు

మా కార్యాలయంలో నా బల్ల కుడివైపు సొరుగులో ఒక నమోదు పుస్తకం ఉండేది. గట్టి అట్ట, ఎర్ర గుడ్డ అతికించిన వీపు, లోపల నేనే స్కేలుతో గీసిన నాలుగు నిలువు గడులు: తేదీ, వేళ, కారణం, సంతకం. సర్వర్‌ను ఆపి మళ్ళీ నడిపించిన ప్రతిసారీ అందులో ఒక వరుస నిండాలి. ఆ పుస్తకంలో కొట్టివేత ఒక్కటీ లేదు. తనిఖీకి వచ్చినవారు దాన్ని తిరగేసి మెచ్చుకోకుండా వెళ్ళలేదు. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న మీకు నేను చెప్పదలచినది ఆ పుస్తకం గొప్పతనం కాదు. అంత చక్కని పుస్తకం ఒక తప్పును ఎంతకాలం దాచిపెట్టగలదో చెప్పడానికి ఇది రాస్తున్నాను.

మాది విజయవాడలో కాలువ గట్టున ఉన్న చిన్న కార్యాలయం. కృష్ణా డెల్టా కాలువల మీద, తలుపులతో నీటిని ఆపి వదిలే లాకుల దగ్గర, నీటిమట్టాన్ని కొలిచే పెట్టెలు బిగించి ఉండేవి. ఒక్కొక్క పెట్టెలో ఒక సిమ్ కార్డు, పైన ఒక సోలార్ పలక. పావుగంటకోసారి ఆ పెట్టె తన దగ్గరి మట్టాన్ని మా సర్వర్‌కు పంపేది. ఆ అంకెలను చూసుకొని ఎగువన ఉన్నవారు తలుపులు ఎంత ఎత్తాలో నిర్ణయించేవారు. ఈ సమాచార విభాగానికి నేను పర్యవేక్షకుణ్ణి. పదవీ విరమణకు ఏడాది మిగిలి ఉంది.

ఆ అంకెలను అందుకొనే సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీ దగ్గరా కొన్నది కాదు. ఓపెన్ సోర్స్. దాని మూలరచన, అంటే సోర్స్ కోడ్, అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా చదవవచ్చు, దిద్దవచ్చు, వాడుకోవచ్చు. ఎక్కడెక్కడి దేశాల్లోనో ఉన్న కొందరు తీరిక వేళల్లో దాన్ని సాకుతుంటారు. దాన్ని తెచ్చి మా దగ్గర నిలబెట్టినది కాంట్రాక్టు మీద పనిచేసే ఒక ఇంజనీరు. గుణదల అమ్మాయి. మొదట్లో నాకు ఆమె పద్ధతి మీద నమ్మకం కుదరలేదు. సంతకం పెట్టి అప్పగించినవారు లేని వస్తువుకు బాధ్యులెవరని అడిగాను.

"మనమే సార్. అందుకేగా లోపల ఏముందో చదువుకోనిచ్చారు," అంది.

ఆ జవాబు నాకు నచ్చలేదు. అందులో తప్పు పట్టడానికి మాత్రం ఏమీ దొరకలేదు.

ఆమె హైదరాబాదులో మంచి ఉద్యోగం వదులుకొని ఇక్కడికి వచ్చింది. ఎందుకని ఒకసారి అడిగితే, "మా తాతది కాలువ చివర శివారు ఊరు సార్. నీళ్ళు బయల్దేరాయో లేదో తెలీక రోజూ లాకు దాకా నడిచి చూసొచ్చేవాడు. ఆ కబురేదో ఫోనులోనే తెలిస్తే బాగుండేదిగా అనిపించేది," అంది. ఆ తరువాత నేను ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు.

మాతో ఉన్న మూడో వ్యక్తి మా సీనియర్ ఆపరేటరు. మంగళగిరి నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. సర్వర్ వారాంతానికల్లా ఆయాసపడుతున్నదని, ఆపి నడిపితే మళ్ళీ చురుకవుతున్నదని కనిపెట్టినది ఆయనే. అందువల్ల ప్రతి సోమవారం ఉదయం దాన్ని రీస్టార్ట్ చేయడం మా ఆచారమైంది. అయితే సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. ఆయన సరిగ్గా తొమ్మిదీ ఐదుకు మీట నొక్కేవారు.

"తొమ్మిదికే చేయవచ్చు కదా?" అన్నాను ఒకసారి.

"గోడ గడియారం ఒకటి రెండు నిమిషాలు ముందుందండీ. ఎందుకొచ్చిన గొడవ!" అన్నారు.

నేను అటువంటివి నమ్మను. అయినా తొమ్మిదీ ఐదు అన్నది కచ్చితమైన వేళ కనుక ఆమోదించి, పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆ పుటలు తలచుకుంటే నాకు కనిపించేది మూడో గడి. కారణం అన్న శీర్షిక కింద, ఆ ఏడాది వేసవి వరకూ, ప్రతి వరుసలోనూ ఒకే మాట ఉంది: సోమవారం. సోమవారం ఒక కారణం ఎలా అవుతుందని తనిఖీకి వచ్చినవారు అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ వేసవిలో కాలువలు ఎండినప్పుడు లాకులన్నీ తిరిగి చూశాను. పెట్టెల మీద దుమ్ము, సాలెగూళ్ళు, ఒకచోట పిచ్చుక గూడు. నాకు మనసు వికలమైంది. తిరిగి రాగానే పెట్టెల సంరక్షణ గురించి ఎనిమిది అంశాలతో ఒక సర్క్యులర్ తయారుచేసి, సంతకం చేసి, ప్రతి లాకుకూ పంపాను. ఆ పని ముగించిన తృప్తి ఇంకా చల్లారకముందే మా సర్వర్ జబ్బు ముదిరింది. వారం తట్టుకొనే యంత్రం గురువారానికే కూలబడింది. మరుసటి వారం బుధవారానికే.

మా అధికారి కబురు పంపించి నన్నొక్కణ్ణే పిలిచారు. మాట తక్కువ మనిషి.

"పదిహేను రోజుల్లో కాలువలకు నీళ్ళు వదులుతున్నాం. ఆ వారంలో మీ సర్వర్ ఒక్కసారి పడినా దాన్ని తీసేసి, కంపెనీవాళ్ళది పెట్టుకుందాం. ఆ అమ్మాయి కాంట్రాక్టు ఎలాగూ నెలాఖరుతో అయిపోతుంది. ఇక పొడిగించక్కర్లేదు."

ఆమెకు ఈ మాట నేనే చెప్పాను. కిటికీలోంచి కాలువ వైపు చూసి, "పదిహేను రోజులున్నాయిగా సార్," అంది.

మా సర్వర్‌కు పట్టిన జబ్బును మెమరీ లీక్ అంటారు. ఆ పేరు వినగానే మా ఆపరేటరుగారు, "కాలువ లీకైతే బస్తాలు వేసి గండి పూడుస్తామండీ. ఇదెక్కడ లీకవుతోందో చూపించండి, నేనే వేస్తా బస్తాలు," అన్నారు. నిజానికి ఇందులో కారిపోయేది ఏమీ లేదు; పేరుకుపోవడమే ఉంది. ఒక సత్రాన్ని ఊహించుకోండి. వచ్చిన ప్రతి యాత్రికుడికీ గుమాస్తా ఒక గది ఇస్తాడు. వెళ్ళేటప్పుడు తాళంచెవి తిరిగి ఇస్తే ఆ గది ఖాళీ అయినట్టు. ఇవ్వకుండా వెళ్ళిపోయినవాడి గది అతడి పేరనే మూసి ఉంటుంది. అతడే మళ్ళీ వస్తే గుమాస్తా ఇంకో గది ఇస్తాడు. కొన్నాళ్ళకు సత్రంలో మనుషులుండరు, ఖాళీ గదులూ ఉండవు. మా సర్వర్‌లో ఇలాంటి గుమాస్తా ఎక్కడో ఉన్నాడు. లక్ష పంక్తుల మూలరచనలో అతడు ఏ పంక్తి వెనుక కూర్చున్నాడో తెలియదు.

మొదట ఆమె, సర్వర్ తన దినచర్యను తానే నమోదు చేసుకొనే భాగాన్ని అనుమానించింది. దాన్ని సరిచేసి, రెండు రోజులు చూసింది. తెర మీద మెమరీ వాడకాన్ని చూపే గీత ఎక్కడం కొంచెం తగ్గినట్టు కనిపించింది. "ఇంకో నాలుగు రోజులు ఆగుదాం సార్," అంది. నేను ఆగలేదు. లోపాన్ని గుర్తించి సరిచేయడమైనదని అధికారికి లేఖ పంపాను. మర్నాడు మధ్యాహ్నం సర్వర్ పడిపోయింది. నా లేఖ నాకే తిరిగివచ్చింది. అంచున ఎర్ర సిరాతో ఒక ప్రశ్నార్థకం. ఇంకేమీ లేదు. ఉద్యోగంలో అంతకన్నా కఠినమైన జవాబు నాకెప్పుడూ అందలేదు.

అప్పుడు ఆపరేటరుగారు ఒక ఉపాయం చెప్పారు. రోజూ పొద్దున్నే ఒకసారి రీస్టార్ట్ చేసేద్దాం. నీళ్ళు వదిలే వారం గడిచిపోతుంది. అమ్మాయి ఉద్యోగమూ నిలబడుతుంది. దాచి చెప్పను, నాకు అది సబబుగానే తోచింది. పుస్తకంలో ఆ వారానికి ఏడు వరుసలు గీసి ఉంచాను కూడా.

ఆమె ఒప్పుకోలేదు. అప్పటికే ఆ సాఫ్ట్‌వేర్‌ను సాకేవారిలో ఒకరికి మా కష్టం వివరిస్తూ రాసింది. ఆయనది ఏ దేశమో నాకు ఈనాటికీ తెలియదు. సంబోధన లేకుండా, క్షేమసమాచారాలు లేకుండా మూడే మూడు వాక్యాల జవాబు వచ్చింది. మీరు రీస్టార్ట్ చేస్తున్నంతకాలం సాక్ష్యాన్ని మీరే చెరిపేస్తున్నారు. ఉబ్బనివ్వండి. పడిపోయే ముందు మెమరీ నకలు తీసి అందులో ఏమి పేరుకుందో చూడండి.

"మర్యాద తెలియని మనిషి," అన్నాను.

"అవును సార్. కానీ కరెక్టుగా చెప్పాడు," అంది.

తరువాతి సోమవారం వచ్చింది. తొమ్మిది దాటింది. ఆపరేటరుగారు అలవాటుగా కీబోర్డు ముందు నిలబడ్డారు. నేను కలం మూత తీసి పుస్తకం తెరిచాను. ఆమె మా ఇద్దరికీ ఎదురుగా, చేతులు కట్టుకొని నిలుచుంది.

"ఇవాళ మొదలుపెట్టి రోజూ ఆపుతూ పోతే ఈ వారమంతా పోతుంది సార్. పై వారం నీళ్ళు వదులుతారు. ఇంక అప్పుడు ఉబ్బనివ్వలేం."

"అమ్మాయిగారూ, పడిపోతే ముందు పోయేది మీ ఉద్యోగమేనండీ," అన్నారు ఆపరేటరుగారు, మెల్లగా.

"రోజూ ఆపుకుంటూ నడిపితే నిలబడేది ఉద్యోగమేగానీ సర్వర్ కాదు కదండీ. నేను వెళ్ళిపోయాక ఎవరాపుతారు?"

గడియారం తొమ్మిదీ ఐదు చూపింది. ఆపరేటరుగారు నా వైపు చూశారు. క్రమం తప్పడం నాకు బాగా కష్టమైన పని. నేను కలం మూత పెట్టి, పుస్తకం మూసి, సొరుగులో ఉంచాను.

"మా అమ్మ సర్వర్ కోసం కొండెక్కి గుణదల మాతకు కొవ్వొత్తి వెలిగించొస్తానంటోంది సార్," అంది ఆమె, అప్పుడు నవ్వుతూ.

"వద్దనకండి. నేను కూడా రాత్రికి పానకాల స్వామికి చెప్పుకుంటా. ఇద్దరు చూస్తే మంచిదే," అన్నారు ఆపరేటరుగారు.

బుధవారం పదకొండు గంటలకు మెమరీ అంచుదాకా నిండింది. ఆమె నకలు తీసింది. తీసిన రెండు నిమిషాలకే సర్వర్ నిలిచిపోయి, అరగంటపాటు డెల్టాలో ఏ లాకు కబురూ మాకు రాలేదు. అధికారి ఫోను చేశారు. నేనే పడనిచ్చానని చెప్పాను. "పై బుధవారం నీళ్ళు వదులుతున్నాం. గుర్తుందిగా?" అని పెట్టేశారు.

ఆ నకలును ఆమె సాయంత్రం దాకా చదివింది. తరువాత నన్ను పిలిచి తెర చూపింది. మెమరీ నిండా తెగిపోయిన సంబంధాల తాలూకు అవశేషాలు. ఒక్కొక్క పెట్టె మాతో కలిసినప్పుడు సర్వర్ కేటాయించిన చోటు, పెట్టె వెళ్ళిపోయాక కూడా అలాగే ఉండిపోయింది. అన్ని లాకుల పేర్లూ కొద్దికొద్దిగా ఉన్నాయి. ఒక్క పేరు మాత్రం పుటలు పుటలుగా ఉంది. దివిసీమలో, సముద్రానికి దగ్గరగా ఉన్న చిట్టచివరి లాకు.

"పెట్టె పాడైంది," అన్నాను.

"పాడైతే అంత పద్ధతిగా తెగదు సార్. చూడండి, పగలంతా గంటకోసారి. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా లేదు. భోజనానికి వెళ్ళినట్టు."

మర్నాడు పొద్దున్నే జీపులో బయలుదేరాం. ఉయ్యూరు, చల్లపల్లి దాటి, అవనిగడ్డ మీదుగా వెళ్ళేసరికి ఎండ ముదిరింది. లాకు దగ్గర తలుపులు ఎత్తి దించే లస్కరు మమ్మల్ని చూసి తువ్వాలు భుజం మీద నుంచి తీసి ఎదురొచ్చాడు. యాభై దాటిన మనిషి. ఆ పెట్టె దగ్గరికి వెళ్ళి చూశాను. అంత శుభ్రమైన పెట్టెను డెల్టా మొత్తంలో నేను చూడలేదు. సోలార్ పలక అద్దంలా మెరుస్తున్నది.

"గంటకోసారి దీనికి కరెంటు పోతోందా అండీ?" అని అడిగింది ఆమె.

"పోటం కాదమ్మా, నేనే తీసేస్తన్నా," అన్నాడు గర్వంగా. "ఆపి, పొడిగుడ్డతో తుడిచి, మళ్ళీ ఏస్తన్నా."

"గంటకోసారా! ఎవరు చెప్పారు?" అన్నాను.

ఆయన నా వైపు వింతగా చూశాడు. లోపలికి వెళ్ళి, గోడకు తగిలించిన కాగితాన్ని మేకుతో సహా తెచ్చాడు. లామినేషన్ చేయించి ఉంది. నా సర్క్యులర్. మూడో అంశం: ప్రతి పూటా పెట్టెను ఆపి, పొడిగుడ్డతో తుడిచి, తిరిగి నడుపవలెను. అడుగున నా సంతకం.

"తమరు పూటకోసారన్నారు. కానీ ఇక్కడ ఉప్పుగాలండీ అయ్యగారూ. పూటదాకా ఊరుకుంటే చిలుం పట్టుద్ది. అందుకని గంటకోసారి చేస్తన్నా. తప్పేమన్నా జరిగిందాండీ?"

జరిగింది. అయితే ఆయన చేసినది కాదు. పెట్టె సక్రమంగా విరమించుకుంటే సర్వర్‌కు వెళ్ళొస్తానని చెప్పి వెళ్తుంది. మీట ఆపేస్తే చెప్పకుండానే మాయమవుతుంది. చెప్పకుండా వెళ్ళినవారి గదిని ఖాళీ చేయడం మా గుమాస్తాకు తెలియదు. సిగ్నల్ పోయినప్పుడల్లా మొదటి నుంచీ కొన్ని గదులు ఇలాగే మూతపడుతూ వచ్చాయి. దాన్ని సోమవారాలు దాచాయి. డెల్టాలోని లస్కర్లందరి చేతా రోజుకు రెండుసార్లు, ఈయన చేత గంటకోసారి, గదులు మూయించినవాణ్ణి నేను. నేను రాసిన ఉత్తర్వులన్నింటిలో ఇంత శ్రద్ధగా అమలైనది మరొకటి లేదు.

"మీ తప్పేమీ లేదండీ," అన్నాను. ఆయనను అంతకు ముందు ఏకవచనంలో పలకరించానేమోనని జీపెక్కాక చాలాసేపు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను.

తిరిగివచ్చాక ఆమె ఒక అదనపు పెట్టెను నా బల్ల మీదే పెట్టింది. ఆపరేటరుగారు మీట ఆపుతూ, వేస్తూ కూర్చున్నారు. ఆపినప్పుడల్లా తెర మీద మెమరీ గీత ఒక మెట్టు ఎక్కేది.

"నూటెనిమిదిసార్లు చేస్తానండీ. లోపం దొరక్కపోయినా పుణ్యం దక్కుద్ది," అన్నారాయన.

ఆయన లెక్క నలభైల్లో ఉండగానే లోపం దొరికింది. సంబంధం ముగిసే దారులు రెండున్నాయి. ఒక దారిలో చోటు విడిచిపెట్టే పంక్తులు రాసి ఉన్నాయి. రెండో దారిలో ఎవరో రాయడం మరిచిపోయారు. రెండే పంక్తులు. ఆమె వాటిని చేర్చింది. ఆ తరువాత ఆపరేటరుగారు ఎన్నిసార్లు మీట ఆపినా గీత కదలలేదు.

"సర్క్యులర్ రద్దు చేస్తే సరిపోయేదిగా అమ్మా? మునుపటిలా వారం నడుస్తుంది," అన్నాను.

"వానొస్తే సార్? సిగ్నల్ పోయిందంటే అన్ని పెట్టెలూ చెప్పకుండానే పోతాయి. వానకు సర్క్యులర్ పంపలేం కదా," అంది. నేను కూడా నవ్వాను. ఆ కార్యాలయంలో నేను నవ్వడం అదే మొదటిసారని ఆపరేటరుగారు తరువాత అందరికీ చెప్పారు.

సోమవారం అధికారి దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆయన అంతా విని, "అయితే లస్కరు అతి చేశాడన్నమాట. ఒక మెమో ఇవ్వండి," అన్నారు.

"ఆయన నా ఉత్తర్వు పాటించారండీ. మెమో నాకు రావాలి."

"మీకు మీరే మెమో రాసుకుంటారా ఏంటండీ?"

"రాసుకొచ్చానండీ," అని కవరు బల్ల మీద పెట్టాను. అందులో సర్క్యులర్ సంగతే కాక, కారణం అడగకుండా నడిపిన సోమవారాల సంగతి కూడా ఉంది. ఆయన చదివి, "జిరాక్సు కూడా జతచేశారే!" అన్నారు. చాలాసేపు తల ఎత్తలేదు. నవ్వు దాచుకోవడానికని నాకు తరువాత తెలిసింది. కానీ తల ఎత్తాక ఆమెతో అన్నది మాత్రం పాత మాటే: "బుధవారం చూద్దాం."

బుధవారం పొద్దున పూజ చేసి, పసుపు కుంకుమలు వేసి, కాలువలకు నీళ్ళు వదిలారు. ఎగువ లాకుల దగ్గర మట్టాలు ఒక్కొక్కటిగా లేవడం తెర మీద చూస్తున్నాం. మధ్యాహ్నానికి ఆకాశం మూసుకుపోయి, తొలకరి పెద్ద గాలితో విరుచుకుపడింది. తెర మీద లాకుల పక్కనున్న ఆకుపచ్చ చుక్కలు ఎర్రబడ్డాయి. మళ్ళీ పచ్చబడ్డాయి. మళ్ళీ ఎర్రబడ్డాయి. డెల్టా అంతా సిగ్నల్ పోతూ వస్తున్నది. ఆమె చుక్కల వైపు చూడనే లేదు. మెమరీ గీత మీదే చూపు. ఆపరేటరుగారు పెదవులు కదుపుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టి, లెక్క తప్పి, మానేశారు.

గీత కదలలేదు. స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. గీతల విషయంలో నా మెప్పు అంత తేలికగా దొరకదు.

నాలుగు గంటలకు వాన తెరిపిచ్చింది. చిట్టచివరి లాకు చుక్క పచ్చబడి, దాని పక్కన మట్టం అంకె మారింది. నీళ్ళు ఇంకా అంత దూరం చేరి ఉండవు. అది వాన నీరే. అయినా ఆమె కళ్ళు తుడుచుకుంది. అధికారి ఫోను చేసి, ఒక్కసారైనా ఆగిందా అని అడిగారు. లేదన్నాను. "పొడిగింపు కాగితాలు పంపండి," అన్నారు.

ఆ రెండు పంక్తులను ఆమె ఆ మర్యాద తెలియని మనిషికి పంపింది. ఆయన ఈసారి రెండే వాక్యాలు రాశాడు. బాగుంది, చేర్చుకుంటున్నాం. ఇది మళ్ళీ జరగకుండా ఒక పరీక్ష కూడా రాసి పంపగలరా? ఆమె రాసింది: వెయ్యిసార్లు చెప్పకుండా తెగిపోయే ఒక పెట్టె, ఆ తరువాత ఒక్క గదీ మూసి ఉండకూడదన్న నియమం. పరీక్షకు ఒక పేరు పెట్టాలి. ఆమె ఆ చిట్టచివరి లాకు పేరు పెట్టింది. ఈనాటికీ ఆ సాఫ్ట్‌వేర్ కొత్త కూర్పు విడుదల కావాలంటే ముందుగా ఆ లాకు దాటాలి.

సోమవారాలు వస్తూనే ఉన్నాయి. తొమ్మిదీ ఐదుకు ఆపరేటరుగారు లేచి నిలబడి, పని లేదని గుర్తొచ్చి, టీ తెప్పించేవారు. నేను విరమించేనాటికి ఆ పుస్తకంలో అధిక భాగం తెల్లగానే మిగిలిపోయింది. పై అధికారులకు అప్పగించే జాబితాలో దాన్ని కూడా రాశాను, ఖాళీ పుటల సంఖ్యతో సహా.

విరమించే ముందే కొత్త సర్క్యులర్ ఒకే అంశంతో పంపాను: పెట్టెను ఆపకుండానే తుడవండి. అది అందిన రోజు లస్కరు ఫోను చేశాడు.

"అందిందండీ అయ్యగారూ. మరి పాతది తీసెయ్యనాండీ?"

"తీసేయండి. దానివల్ల చాలా ఇబ్బంది జరిగింది."

"తమరి సంతకం బావుందండీ అందులో. కొత్తదాని ఎనక పెట్టుకుంటాలెండి."

ఆయన లాకు పేరు ఎక్కడికి ఎక్కిందో చెప్పడానికి ప్రయత్నించాను. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న సర్వర్లు ఆ పేరు మీద పరీక్ష రాస్తున్నాయన్నాను. ఆయన శ్రద్ధగా విని, కాస్త ఆలోచించాడు.

"అంత దూరమే! అయితే ఓ మాట చెప్పండయ్యా వాళ్ళకి. సముద్రం పక్కనున్నోళ్ళుంటే గుడ్డ పొడిగా ఉండాలని."

ఆమెకు ఆ మాట అందజేశాను. అక్కడికి రాసింది కూడా. ఆ మర్యాద తెలియని మనిషి మొదటిసారి సంబోధనతో జవాబిచ్చాడు. ధన్యవాదాలు లస్కరుగారికి చెప్పమన్నాడు.